డాలియా దుంపల్ని వానాకాలం దాటించడం ఎలా? (పాడుబడ్డ పెరడు, బసవనగుడి, బెంగళూరు)

సౌమ్య_బసవనగుడి

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా అత్తగారి ఇల్లు బసవనగుడిలో, పాత ఇండిపెండెంట్ ఇల్లు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మూడేళ్లుగా అనంతపురంలో మా ఆడపడుచు దగ్గరే ఉంటున్నారు, ఇన్నాళ్లూ ఇంటికి తాళమే. ఫిబ్రవరిలో మేం అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఇక్కడికొచ్చాం. ఇల్లంటే రంగులేస్తే అయిపోయింది, వెనక పెరడే భయంగా ఉంది. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉంటుందేమో, అంతా నడుము లోతు వయ్యారిభామ, కింద తుంగ, ఆ పసుపు పూల పాకుడు తీగ ఒకటి (సింగపూర్ డైసీ అంటారట), మనీప్లాంట్ అయితే జామచెట్టెక్కి అరిచేతంత ఆకులేసుకుని కూర్చుంది.

మొన్న ఆదివారం ఓ మూల కోస్తుంటే ఎండిపోతున్న డాలియా మొక్కలు కనిపించాయి! అత్తయ్యగారికి డాలియాలంటే ప్రాణం, జనవరిలో లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి వెళ్లిన ప్రతిసారీ ఒకటో రెండో తెచ్చుకునేవారట. ఒక మొక్క తవ్వి చూస్తే కింద చిలగడదుంపల్లాంటి గడ్డలు, గుత్తిగా ఏడెనిమిది. వీటిని ఎలా దాచాలా అని నెట్‌లో చూస్తే అన్నీ మంచు పడకముందు తవ్వండి, బేస్‌మెంట్‌లో పెట్టండి అనే వీడియోలే. మనకి మంచూ లేదు, బేస్‌మెంటూ లేదు, బయట 34 డిగ్రీల ఎండ. జూన్‌లో వానలు మొదలైతే నేలలోనే కుళ్లిపోతాయా? ఇప్పుడే తవ్వెయ్యాలా? తోట క్లీన్ చెయ్యడం ముందా, దుంపల పని ముందా? మాలి మాత్రం ఒక రోజులో మొత్తం చెక్కేస్తా మేడం అంటున్నాడు.

మిద్దెతోట_కిరణ్

సింపుల్ అండీ, కడిగి కవర్లో వేసి ఫ్రిజ్‌లో కింద కూరగాయల డబ్బాలో పెట్టెయ్యండి. చల్లగా ఉంటే చాలు వాటికి.

జయనగర్_పద్మజ

కిరణ్ గారూ, ఆ పని నేను చేసి చేతులు కాల్చుకున్నా. కడిగిన తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో వేస్తే పదిహేను రోజుల్లో బూజు. తర్వాతి ఏడాది కాగితంలో చుట్టి పెడితే ఒట్టి ఒరుగుల్లా ఎండిపోయాయి. మిగిలిన నాలుగూ చేమదుంపలనుకుని మా పనమ్మాయి చెక్కు తీసేసింది, అది వేరే కథ (తింటే ఏమీ కాదులెండి, మెక్సికోలో పూర్వం తినేవాళ్లట).

సౌమ్యా, ముందు ఒకటి అర్థం చేసుకోండి. ఆ వీడియోలవాళ్ల శత్రువు మంచు, మన శత్రువు నీళ్లు. వాళ్లకి శీతాకాలం మొక్క నిద్రపోయే కాలం, మనకి అదే పూసే కాలం, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మన దగ్గర అది నిద్రపోయేది ఎండాకాలంలో, ఇదిగో ఇప్పుడు. కాబట్టి వాళ్లు అక్టోబర్, నవంబర్లో చేసే పని మనం ఏప్రిల్లో చెయ్యాలి. ఆకులు పసుపైపోయి వాలిపోయాయంటే దుంప తన తిండి తను దాచేసుకుంది అని లెక్క. పచ్చగా ఉన్నవాటిని మాత్రం తవ్వకండి, నీళ్లు ఆపేసి ఇంకో రెండు మూడు వారాలు ఆగండి.

తవ్వేటప్పుడు కాండం మొదలు నుంచి ఒక అడుగు దూరంలో గునపం దింపి చుట్టూ వదులు చేసి ఎత్తండి, కాండం పట్టుకుని లాగారో మెడ (దుంప కాండానికి అతుక్కునే చోటు) విరుగుతుంది, మెడ విరిగితే ఆ దుంప ఇక మొలకెత్తదు. చిలగడదుంపకీ దీనికీ తేడా అదే, చిలగడదుంప ఒంటి మీద కూడా మొలకలేస్తుంది, డాలియాకి కన్ను (మొలక వచ్చే చోటు) ఉండేది పైన కాండం అతుక్కునే చోట మాత్రమే. అందుకే ఇప్పుడు విడదియ్యకండి, గుత్తి గుత్తిగానే దాచండి, ఆగస్టులో కన్ను ఉబ్బి కనిపించాక కోసుకోవచ్చు.

కాండం నాలుగైదు అంగుళాలు ఉంచి కొయ్యండి. అది బోలుగా ఉంటుంది, లోపల నీళ్లు నిలిస్తే మెడ దగ్గరే కుళ్లు మొదలవుతుంది, అందుకని రెండు రోజులు తలకిందులుగా నీడలో పెట్టండి. మట్టి దులపండి చాలు, కడగొద్దు. తెగిన చోట్ల బూడిదో, గంధకం పొడో అద్దండి. తర్వాత అట్టపెట్టెలో పొడి ఇసుకగానీ, బాగా ఎండబెట్టిన కోకోపీట్ గానీ (అదే, ఇటుకలా నొక్కి అమ్మే కొబ్బరిపీచు పొట్టు, నానబెట్టి వెంటనే వాడితే గోవిందా) పోసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టండి. అటక మీద వద్దు, మధ్యాహ్నం ఉడికిపోతాయి. నెలకోసారి తీసి నొక్కి చూడండి, మెత్తబడిన ముక్క కోసి పారెయ్యాలి, ముడతలు పడితే ఇసుక మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాలి. రంగు తెలిస్తే ఇప్పుడే దారంతో చీటీ కట్టండి, తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు.

సౌమ్య_బసవనగుడి

పద్మజ గారూ ఎంత వివరంగా రాశారండీ, థాంక్యూ! రెండు డౌట్లు. గుత్తులు తక్కువలో తక్కువ ముప్పై ఉండేలా ఉన్నాయి, అన్నిటికీ ఇసుక ఎక్కడ తేవాలి? పైగా మళ్లీ ఎప్పుడు నాటాలి?

సర్జాపుర_శ్రీను

నేను తొమ్మిదేళ్లు న్యూజెర్సీలో ఉండి వచ్చానండి, అక్కడ డాలియాలు పెంచాను, ఇక్కడా పెంచుతున్నా. అక్కడ మొదటి మంచుకి ఆకులన్నీ రాత్రికి రాత్రి నల్లగా మాడిపోతాయి, వారం ఆగి తవ్వి, వర్మిక్యులైట్‌లో (మొక్కలకి వాడే తేలికపాటి ఖనిజం గుళికలు) 4 నుంచి 10 డిగ్రీల మధ్య బేస్‌మెంట్‌లో పెడితే ఏప్రిల్ దాకా కదలవు. ఇక్కడ ఎంత చల్లటి గదైనా ఎండాకాలంలో పాతిక దాటుతుంది, అంటే దుంప నిద్ర కలత నిద్రే, జూలైలోనే కొన్ని మొలకలేసి కూర్చుంటాయి. కంగారుపడొద్దు, అలాంటివి తీసి చిన్న కుండీలో పెట్టి సజ్జ కింద ఉంచండి.

ముప్పైకి ఇసుక అక్కర్లేదు. బాగున్నవి ఓ పది ఎంచుకోండి, మిగతావాటిని పాత కుండీల్లో పొడి మట్టిలో పాతి, నీళ్లు పొయ్యకుండా మెట్ల కింద వరసగా పెట్టెయ్యండి. నా అనుభవంలో పెట్టెలో దాచినవాటి కంటే ఇలా కుండీలో వదిలేసినవే ఎక్కువ బతికాయి, ఇది బద్ధకస్తుల పద్ధతి, నాకు బాగా సెట్ అయింది.

నాటడం ఆగస్టు చివర. కొంచెం తడిపితే మొలకలొస్తాయి, అవి మూడు నాలుగు అంగుళాలయ్యాక కోసి తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేర్లు. ఒక్క దుంప నుంచి ఐదారు మొక్కలు చేసుకోవచ్చు. నేలలో పెట్టడం మాత్రం పెద్ద వానలు తగ్గాకే, మనకి సెప్టెంబర్, అక్టోబర్లోనే అసలు వాన. నత్తలు జాగ్రత్త, ఆ పెద్ద ఆఫ్రికా నత్తలు లేత మొలకల్ని ఒక్క రాత్రిలో ఊడ్చేస్తాయి, టార్చి వేసుకుని ఏరడం తప్ప నాకింకో దారి దొరకలేదు.

మదనపల్లి_రెడ్డి

అక్కా, ఆ మాలిని మాత్రం ఆపండి. ఒక్క రోజులో మొత్తం చెక్కేస్తే మీ అత్తమ్మ పెట్టిన గడ్డలన్నీ పార కింద పోతాయి. ఏప్రిల్, మేలో నాలుగు చినుకులు పడనీండి, రెయిన్ లిల్లీలు, ఆ ఎర్ర ఫుట్‌బాల్ లిల్లీ ఉంటే అదీ తలెత్తుతాయి, పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. అంతదాకా కలుపు మాత్రమే చూసుకోండి.

వయ్యారిభామ ముందు. పూత రాకముందే వేరుతో పీకాల, పూస్తే ఒక్కో చెట్టు వేలల్లో ఇత్తనాలు రాలుస్తాది. గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మాస్కు వేసుకోండి, మా చిన్నాయన వట్టి చేతుల్తో పీకి నెల రోజులు దద్దుర్లతో గోక్కున్నాడు. అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, మీ డాలియా కూడా ఆ పక్కదే, రెండూ చామంతి కుటుంబమే, ఒకదాన్ని నెత్తిన పెట్టుకుంటాం, ఒకదాన్ని పీకి పారేస్తాం.

తుంగ సంగతి వేరే. పైన కోస్తే నవ్వుతాది. గొలుసుకట్టుగా కింద కాయలుంటాయి, నేల తడిగా ఉన్నప్పుడు గునపంతో లేపి కాయతో సహా ఏరాల. అట్టలు పరిచి పైన మట్టి పొయ్యమని చెప్తారు, తుంగ అట్టని కూడా పొడుచుకుని పైకొస్తాది, మా తోటలో చూసినా. మందు కొట్టొద్దు, పక్కనే దుంపలు. ఒక వారం పది అడుగులు బాగు చేసి, ఆకులు కప్పి, తర్వాతి వారం ఇంకో పది అడుగులు. కప్పకుండా వదిలేస్తే మొదటి వానకే మళ్లీ మొదటికొస్తాది. చెత్త తగలబెట్టొద్దు, సిటీలో నిషేధం, పొగకి పక్కింటోళ్లు గొడవకొస్తారు. పెద్ద చెట్టేదైనా అడ్డముంటే చెట్ల ఆఫీసర్ పర్మిషన్ లేకుండా ముట్టొద్దు. అడుగుపెట్టే ముందు కర్రతో నేల మీద కొట్టండి, బూట్లు వేసుకోండి, మూడేళ్ల పొదంటే జెర్రిపోతన్నా ఉంటాది.

సౌమ్య_బసవనగుడి

అప్‌డేట్. మాలికి చెప్పాను, వారానికో ముక్క అనే సరికి మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. ఇప్పటిదాకా 23 గుత్తులు తీశాం, ఆరు బాత్రూం పైపు లీకయ్యే చోట ఉన్నాయి, అవన్నీ కుళ్లు, ముట్టుకుంటే పుల్లటి వాసన. పన్నెండు కుండీల్లోకి, ఐదు ఇసుకలోకి. జెర్రిపోతు నిజంగానే కనిపించింది రెడ్డి గారూ, గోడ దూకి వెళ్లిపోయింది, మా ఆయన ఆ గోడ కంటే ముందే ఇంట్లోకి దూకారు.

నిన్న అత్తయ్యగారికి ఫోన్ చేసి, జామచెట్టు పక్కన గట్టు మీద ఉన్న పసుపువి కూడా తవ్వాలా అని అడిగితే ఆవిడ నవ్వారు. వాటిని పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా తవ్వలేదట! ఎండాక మొదలంటా కోసి, ఆ కాండం మీద ఒక పాత మిద్దె పెంకు బోర్లించి వదిలేసేవారట, అంతే. గట్టు కాబట్టి నీళ్లు నిలవవు, పెంకు ఉంది కాబట్టి ఆ బోలులోకి వాన దిగదు, పద్మజ గారు చెప్పింది చదివాకే ఆ పెంకు ఎందుకో నాకు వెలిగింది.

ఆ పెంకులు పోయిన ఆదివారం నేనే ఎత్తి డెబ్రిస్ కుప్పలో పడేశా. ట్రాక్టర్ రేపొస్తుంది, ఇప్పుడు వెళ్లి ఏరుకోవాలి.