ప్రొజెక్టర్ పెట్టె మీద రాసేవాటిలో ఏది నమ్మాలి?

ప్రశ్న:
నాన్నగారికి టీవీలో మొహాలు కంటికి ఆనడం లేదు. పాత సినిమాలు పెద్దగా చూపిద్దామని ప్రొజెక్టర్ చూస్తున్నాను. హాలు గోడ నుంచి గోడకి 10 అడుగులు, బొమ్మ 100 అంగుళాలు కావాలి. ఒకదాని మీద “4కె సపోర్ట్, నేటివ్ 720పి, 9000 ల్యూమెన్లు, 200 ఆన్సీ ల్యూమెన్లు, త్రో రేషియో 1.4” అని ఉంది. ఒకే మెషీన్‌కి ఇన్ని లెక్కలేంటండీ?

జవాబు 1:
నేను థియేటర్ క్యాబిన్‌లో ఆపరేటర్‌గా చేశానండి. నేటివ్ అన్నదే అసలు లెక్క. మీ గోడ మీద పడేవి 1280×720 చుక్కలే. 4కె సపోర్ట్ అంటే 4కె (3840×2160 చుక్కల) ఫైల్ ఇస్తే తీసుకుని, దాన్ని 720కి కుదించి చూపిస్తుందని, అంతే. ఈ మాటతో జనాన్ని మభ్యపెట్టడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ల్యూమెన్లంటే వెలుగు కొలత. వాటిలో ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ పద్ధతి) ఒక్కటే చూడండి. తెరని తొమ్మిది సమాన భాగాలు చేసి, ఒక్కో భాగం మధ్యలో వెలుగు కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యంతో గుణిస్తారు. ఉత్త “ల్యూమెన్లు” అని రాస్తే ఎలా కొలిచారో మనకి తెలియదు. ఆ 9000 వదిలేయండి.

ఇక త్రో రేషియో: తెర వెడల్పుని దాంతో గుణిస్తే ప్రొజెక్టర్ ఎంత దూరంలో పెట్టాలో వస్తుంది. 100 అంగుళాలన్నది మూల నుంచి మూలకి కొలత, ఆ బొమ్మ వెడల్పు సుమారు 7.3 అడుగులు. 1.4తో గుణిస్తే 10 అడుగులు దాటిపోతుంది. మెషీన్ మందం, వెనక వైరు కూడా ఉంటాయి కదా, మీ హాల్లో పట్టదు.

జవాబు 2:
ఆటో కీస్టోన్ (వంకరగా పడ్డ బొమ్మని తనంతట తానే సరిచేసే సదుపాయం) ఉంది కదా అని పక్కన స్టూల్ మీద పెట్టకండి. వంకర సరిచేయడానికి అది కొన్ని చుక్కల్ని వాడకుండా వదిలేస్తుంది. ఉన్నవే 720, అవీ తగ్గుతాయి. తెరకి ఎదురుగా, నిటారుగా పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే 80 అంగుళాలు సరిపెట్టుకుంటాం. వెలుగు చాలుతుందా?

జవాబు 1:
దూరం 8 అడుగుల పైచిలుకు, సరిపోతుంది. తెర వైశాల్యం సుమారు 19 చదరపు అడుగులు. థియేటర్లో తెర మీద 14 ఫుట్‌ల్యాంబర్ట్‌ల వెలుగు ఉండాలని ప్రమాణం. మామూలు తెల్ల తెరకైతే చదరపు అడుగుకి 14 ల్యూమెన్లన్నమాట. 19 పద్నాలుగులు 266. మీరు చూసింది 200, అంటే రాత్రి లైట్లన్నీ ఆర్పినా బొమ్మ కాస్త మసకే. నాన్నగారి చూపు సంగతి చెప్పారు కాబట్టి 400 ఆన్సీకి తగ్గకండి. నేటివ్ 1080పి దొరికితే ఇంకా మంచిది.

ఇంకొకటి, 1974లో తెలుగులో సినిమాస్కోప్ (బాగా వెడల్పు తెర) రాకముందు తీసిన బొమ్మలు చాలావరకు దాదాపు చదరంగా ఉంటాయి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. తెర నిండాలని మెనూలో సాగదీస్తే మొహాలు వెడల్పైపోతాయి. ఆస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) దగ్గర 4:3 పెట్టండి.