మూడు రేచుకుక్కల ఫోటో: ఎక్కడ తేడా కొట్టిందో చెప్పండి

పొదచాటు:
నిన్న పొద్దున్నే తీసింది. మూడు రేచుకుక్కలు (గుంపుగా తిరిగే ఎర్రటి అడవి కుక్కలు) ఎడమ నుంచి కుడికి బాట దాటుతున్నాయి, చివరిది ఆగి వెనక్కి తిరిగి చూసింది. అపర్చర్ (లెన్సు తెరుచుకునే మేర) ఎఫ్4, షట్టర్ 1/640 సెకను, జీప్ మీద నుంచి, సుమారు పది మీటర్ల దూరం. ఆ చూపంటే నాకు ప్రాణం. కానీ ఫోటో మొత్తంగా చూస్తే ఏదో వెలితి. క్యాప్షన్ ‘వెనుదిరిగిన ఆల్ఫా’ అనుకుంటున్నా, అంటే గుంపు నాయకుడని. మొహమాటపడకుండా చెప్పండి.

రేచుక్క:
చూపు నిజంగా బాగుంది. ఇబ్బంది ముందున్న రెండిటి దగ్గర. రెండోదాని మూతి మొదటిదాని నడుము మీదికి వచ్చేసింది. రెండూ ఒకే ఎరుపు కాబట్టి ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో కన్ను వెతుక్కోవాల్సి వస్తోంది. గుంపుగా తిరిగే జంతువులతో ఇదే పెద్ద కష్టం. నేను చాలా కాలం ముఖాలే చూస్తూ నొక్కేదాన్ని. ఇప్పుడు వాటి మధ్య ఖాళీని చూస్తాను. ఒకదాని మూతికీ ఇంకోదాని ఒంటికీ మధ్య కాస్త నేల కనిపించగానే వరసగా నాలుగైదు ఫ్రేములు తీసేస్తాను.

ఇంకోటి, చివరిదాని తోక అంచులో తెగింది. ఎర్రటి ఒంటికి ఆ నల్లటి కుచ్చు తోకే కదండీ గుర్తు!

వేకువవెలుగు:
నాకైతే ఎత్తు అడ్డొస్తోంది. కెమెరా జంతువు కంటికన్నా రెండు మీటర్లు పైన ఉందనుకుందాం. పది మీటర్ల దూరంలో 11 డిగ్రీలు కిందికి చూస్తున్నట్టు లెక్క. అందుకే వెనకంతా బాట మట్టే, చెవులు కూడా మట్టిలో కలిసిపోయాయి. అదే ఎత్తు నుంచి 30 మీటర్ల దూరంలో అయితే 4 డిగ్రీల లోపే. వెనకున్న చెట్లు ఎక్కడో దూరంగా మసకబారి, చెవుల అంచులు తేలేవి. బండిని ఇంకా దగ్గరికి పోనివ్వమని అడిగే ముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఫోకస్ లోతు సంగతీ అంతే. పది మీటర్ల నుంచి ఎఫ్4లో తీస్తే ముందూ వెనకా స్పష్టంగా ఉండే మేర తక్కువ. చివరిదాని కన్ను పదునుగా ఉంది, ముందువి రెండూ మెత్తబడిపోయాయి. 30 మీటర్లలో అదే లెన్సుని ఎఫ్8కి తగ్గించి ఉంటే అంతకన్నా చాలా ఎక్కువ దొరికేది.

పొదచాటు:
అంత దగ్గరికి రావడమే అదృష్టం అనుకున్నానండీ. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. ముందు రెండిటినీ క్రాప్‌లో తీసేసి చివరిదాన్ని ఒక్కదాన్నే ఉంచితే? లేదా ఆ మూతిని సాఫ్ట్‌వేర్‌లో చెరిపేస్తే?

అడుగుజాడ:
చెరపొద్దు. ఇంట్లో గోడకి పెట్టుకుంటే మీ ఇష్టం. పోటీకి పంపితే అసలు రా ఫైల్ (కెమెరా తీసింది తీసినట్టు దాచిన ఫైల్) అడుగుతారు. పోటీల్లో నమ్మకం ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు: 2009 వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో గెలిచిన తోడేలు ఫోటో. రాత్రిపూట తోడేలు గేటు మీంచి దూకుతున్న దృశ్యం, కంపోజిషన్‌లో వంక పెట్టలేం. అది పెంపుడు తోడేలై ఉండొచ్చని న్యాయనిర్ణేతలు తేల్చాక 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు.

క్యాప్షన్‌లో ఆల్ఫా కూడా తీసేయండి. తోడేళ్ల విషయంలో ఆ మాటకి బాగా ప్రచారం తెచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ మెచ్, అడవిలో గుంపంటే చాలా వరకు తల్లీతండ్రీ, వాటి పిల్లలేనని 1999లో తనే రాశాడు. మీది రేచుకుక్క. ఒక్క చూపుని బట్టి దాని హోదా మనకెలా తెలుస్తుంది?

రేచుక్క:
క్రాప్ చేసి ఒంటరిని చేయడం నాకూ నచ్చలేదు. గుంపు పోతుంటే అది ఆగింది, ఫోటోలో ఉన్న విషయమే అది. ఇంతకీ దేన్ని చూస్తోంది?

పొదచాటు:
వెనకాల ఇంకోటి ఉంది. ముందుకాలు కుంటుతూ, కాసేపటికి గడ్డిలోంచి వచ్చింది. నేను అప్పటికే స్క్రీన్‌లో ఫోటోలు చూసుకుంటున్నా.

రేచుక్క:
అయితే వెలితి అక్కడే ఉంది! నడిచే వైపు ఖాళీ వదలాలని నేర్చుకుని కుడివైపు బోలెడంత వదిలారు. చూపేమో ఎడమవైపు వెళ్లి అంచుకి కొట్టుకుంటోంది. తోక తెగింది కూడా ఆ వైపే. కాళ్లు ఒకవైపు, కళ్లు ఇంకోవైపు ఉన్నప్పుడు నేను కళ్లకే చోటిస్తాను. వీటిలో ఒకటి ఆగి చూసిందంటే, అటు ఇంకోటి ఉండొచ్చని కెమెరా దించకుండా ఆగుతాను.

వేకువవెలుగు:
ఆ కుంటుతున్నది వచ్చాక ఒక్కటీ తీయలేదా?

పొదచాటు:
ఒక్కటుంది. జూమ్ లెన్సున్న రెండో కెమెరాతో హడావుడిగా నొక్కింది. చెయ్యి కదిలింది, ఎవరి ముఖమూ పదునుగా లేదు. తీసేద్దామనుకున్నా. పెడుతున్నాను చూడండి. మొదటిది ఇప్పటికే అవతలి పొదల దగ్గరుంది, రెండోది బాట మధ్యలో ఆగింది. మూడోది మాత్రం వెనక్కి నడిచి కుంటుతున్నదాని మూతి దగ్గరికి తల తీసుకెళ్లింది.

రేచుక్క:
దీన్ని తీసేయకండి. నాలుగూ విడివిడిగా ఉన్నాయి, తోకలు నాలుగూ ఉన్నాయి. పైన ఆకాశం కొంచెం తగ్గించి, ఎడమవైపు గడ్డి అలాగే ఉంచి మళ్లీ పెట్టండి. కుంటుతున్నది ఎక్కణ్నుంచి వచ్చిందో అది చెబుతోంది.