వాడిన వాష్ మిట్లను ఉతికి ఆరబెట్టడం ఎలా? (మైక్రోఫైబర్, గొర్రె ఉన్ని)

గాజువాక_బాల్కనీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో అపార్టుమెంటులో ఉంటున్నాను. కారును సెల్లారులో రెండు బకెట్ల పద్ధతిలో (ఒకదానిలో షాంపూ నీరు, మరొకదానిలో గ్లౌజు జాడించే నీరు) నేనే కడుక్కుంటాను. ఇందుకు చేతికి తొడుక్కునే రెండు రకాల గ్లౌజులు (వాష్ మిట్లు) వాడుతున్నాను. మొదటిది పైన లావుపాటి కుచ్చులు, లోపల పలుచని స్పాంజి పొర ఉన్న మైక్రోఫైబర్ గ్లౌజు. రెండవది గొర్రె తోలు మీది ఉన్నిని అలాగే ఉంచి కుట్టినది. కారు ఎలా కడగాలో ఎక్కడ చూసినా చెబుతున్నారు గాని, కడిగాక ఈ గ్లౌజుల సంగతి వచ్చేసరికి "శుభ్రంగా ఉతికి ఆరబెట్టండి" అన్న ఒక్క మాటతో దాటవేస్తున్నారు.

మా బాల్కనీ ఉత్తరం వైపు ఉండటం వల్ల ఎండ పడదు. వానాకాలంలో సముద్రపు గాలిలోని చెమ్మకు మామూలు బట్టలే ఒక పూటలో ఆరవు. మైక్రోఫైబర్ గ్లౌజు పైకి ఆరినట్లే కనిపిస్తుంది గాని లోపల చేయి పెడితే చల్లగా తగులుతుంది. మళ్లీ కారు కడిగే నాటికి ముక్కవాసన వస్తుంది. కుచ్చుల కొనలు కూడా మునుపటి మెత్తదనం పోయి బిరుసెక్కుతున్నాయి. ఉన్ని గ్లౌజుకు వాసన లేదు గాని, లోపలి తోలు గట్టిపడుతోంది. మాకు వచ్చేది బోరు నీరు కాబట్టి సబ్బు కూడా సరిగా నురగ రాదు.

వీటిని వాషింగ్ మెషీనులో వేయవచ్చునా, ఏ సబ్బు వాడాలి, ఎండ లేని చోట ఎలా ఆరబెట్టాలి, లోపల ఇసుక మిగలలేదని ఎలా తెలుసుకోవాలి అన్నవి అనుభవం ఉన్నవారు వివరించగలరని మనవి.

బెజవాడ_పాలిష్ సమాధానం:

గాజువాక గారికి నమస్కారం. విజయవాడలో కార్ల పాలిష్ పని చేస్తుంటాను కాబట్టి గ్లౌజులు ఉతకడం నాకు రోజువారీ పని. మీరు చివర అడిగిన ఇసుక సంగతిని ముందు చెబుతాను, ఎందుకంటే తక్కినవన్నీ గ్లౌజు ఎన్నాళ్లు మన్నుతుందన్న దానికి సంబంధించినవి, ఇది మాత్రం కారు పెయింటుకు సంబంధించినది. రోడ్డు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువుల కాఠిన్యం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోహ్స్ కొలమానం ప్రకారం 7. వాటి ముందు, చాలా కార్లకు 50 మైక్రాన్లకు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు) అటూ ఇటూగా మందం ఉండే క్లియర్ కోటు, అంటే రంగు మీది పారదర్శక పొర, ఏపాటిది? కుచ్చుల మొదట్లో ఇరుక్కున్న ఒక్క రేణువు చాలు, తరువాత కడిగేటప్పుడు బానెట్టు పొడవునా గీత పడటానికి. ఎండ పడినప్పుడు వెలుగు చుట్టూ వలయాల్లా కనిపించే ఆ సన్నని గీతల్లో చాలా భాగం పాలిష్ పనివాళ్ల దగ్గరకు వచ్చేది ఇలాగే.

అందువల్ల సబ్బు కంటే ముందు నీటితో పని ఉంది. కారు కడగడం పూర్తికాగానే, గ్లౌజు ఇంకా తడిగా ఉండగానే, దానిని కుళాయి కింద పట్టుకుని కుచ్చులను వేళ్లతో విడదీస్తూ, నీరు మణికట్టు వైపు నుంచి వేళ్ల కొసల వైపుకు ధారగా పారేటట్లు జాడించండి. తరువాత శుభ్రమైన బకెట్టులో ముంచి పైకీ కిందికీ ఆడించి, గ్లౌజును తీసివేసి, నీటిని ఐదు నిమిషాలు కదపకుండా వదిలి, అడుగున వేలితో తడిమి చూడండి. గరగర తగిలితే నీరు మార్చి మళ్లీ జాడించాలి. లేత రంగు బకెట్టు అయితే అడుగున చేరిన మట్టి కంటికే కనిపిస్తుంది. గ్లౌజు ఆరిపోయిన తరువాత ఇదే పని చేస్తే సగం ఫలితం కూడా రాదు. షాంపూ జిగటతో కలిసిన మట్టి పోగులను అంటుకుని ఎండిపోతుంది.

మైక్రోఫైబర్ అంటే పాలిఎస్టరు, పాలిఅమైడు (నైలాన్) కలిసిన పోగు. ఎక్కువగా 80-20 పాళ్లలో దొరుకుతుంది. 9,000 మీటర్ల పోగు ఒక గ్రాము కూడా తూగదు, అంత సన్ననిది. మురికిని పట్టుకునేది ఆ పోగుల మధ్య సందులే కాబట్టి వాటిని పూడ్చే పదార్థమేదీ వాడకూడదు. బట్టలు మెత్తగా, సువాసనగా ఉండాలని చివర వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ పోగు మీద పొర పరుస్తుంది; దానిని ఈ గ్లౌజుల దరిదాపులకు రానివ్వవద్దు. క్లోరిన్ బ్లీచి పాలిఅమైడును దెబ్బతీస్తుంది. 40 డిగ్రీలు దాటని గోరువెచ్చని నీటిలో కొద్దిగా ద్రవ డిటర్జెంటు కలిపి, పావుగంట నానబెట్టి, మెల్లగా పిసికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడిస్తే సరిపోతుంది. మెషీనులో వేయాలనుకుంటే జాలీ సంచిలో పెట్టి, సున్నితమైన బట్టల సెట్టింగులో వేయండి. తువ్వాళ్లతో, నూలు బట్టలతో కలపవద్దు. వాటి నూగు కుచ్చులకు పట్టిందంటే ఒక పట్టాన వదలదు. చక్రాలకు వాడే గ్లౌజును కూడా ఎన్నడూ వీటితో కలపకూడదు, ఎందుకంటే బ్రేకుల నుంచి రాలే ఇనుప రేణువులు దానిలో ఉంటాయి.

ఉన్ని గ్లౌజుకు ఈ పద్ధతి పనికిరాదు. ఉన్ని ప్రోటీను. బట్టల పొడిలోని క్షారం దానిని బిరుసు చేస్తుంది, మరకల కోసం ఎంజైములు కలిపిన డిటర్జెంటు ఉన్నినీ కొరుక్కు తింటుంది, క్లోరిన్ బ్లీచి అయితే కరిగించివేస్తుంది. కారు షాంపూ గాని, చిన్నపిల్లల తల షాంపూ గాని చల్లని నీటిలో కలిపి చేత్తోనే ఉతకాలి. మెలితిప్పి పిండకుండా, అరచేతుల మధ్య అదిమి, పొడి తువ్వాలులో చుట్టి నొక్కితే చాలా నీరు వచ్చేస్తుంది. ఆరబెట్టడం గురించి తీరప్రాంతం వారు చెబితేనే బాగుంటుంది.

అనంతపురం_ఎండ సమాధానం:

ఇంత ఆలోచన అవసరమా అనిపిస్తోందండీ. మా ఊళ్లో మేడ మీద దండేనికి క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే మధ్యాహ్నానికల్లా ఎండిపోతాయి, వాసన అన్న మాటే లేదు. మీకు బాల్కనీలో ఎండ లేకపోతే మేడ మీదికి తీసుకువెళ్లండి.

మియాపూర్_దుమ్ము సమాధానం:

అనంతపురం గారి మాట మైక్రోఫైబర్ గ్లౌజు వరకు చాలావరకు చెల్లుతుంది, ఉన్ని గ్లౌజుకు మాత్రం చెల్లదు. తడి తోలును నేరుగా ఎండలో గాని, హెయిర్ డ్రయ్యరు ముందు గాని పెడితే దానిలోని పోగులు కుంచించుకుపోయి బిగుసుకుంటాయి. గాజువాక గారి తోలు గట్టిపడటానికి ఎండ కారణం కాకపోయినా ఎండలో పెడితే పరిస్థితి ఇంకా చెడుతుంది. మైక్రోఫైబర్ విషయంలో కూడా ఏళ్ల తరబడి ఎండ తగిలితే పాలిఅమైడు పసుపెక్కి బలహీనపడుతుంది, మణికట్టు దగ్గరి ఎలాస్టిక్ సాగిపోతుంది. ఒక పూట ఎండకు భయపడవలసినది ఏమీ లేదు.

మేడ మీద ఆరవేయడానికి నాకున్న అభ్యంతరం వేరు. హైదరాబాదులో మా చుట్టుపక్కల ఎప్పుడూ ఏదో ఒక కట్టడం సాగుతూనే ఉంటుంది. తడి గ్లౌజు మీద సిమెంటు దుమ్ము, ఇసుక వచ్చి వాలుతాయి. గంటసేపు జాడించి తీసిన ఇసుకను గాలి చేత మళ్లీ పెట్టించుకోవడం ఎందుకు? కోతుల బెడద గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

ఉన్నికి కుంకుడుకాయ రసం కూడా వాడవచ్చు. పట్టుచీరలకు, శాలువలకు మన ఇళ్లలో ఎప్పటి నుంచో వాడుతున్నదే, పైగా ఉప్పునీటిలో మామూలు సబ్బులాగా తెట్టు కట్టదు. రసాన్ని పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. లేకపోతే తొక్కల పొట్టు ఉన్నిలో చిక్కుకుంటుంది. తెల్లని ఉన్ని కొద్దిగా గోధుమరంగుకు తిరిగినా దానివల్ల నష్టం లేదు.

భీమిలి_చెమ్మ సమాధానం:

గాజువాక గారూ, మీదీ మాదీ ఒకటే గాలి కాబట్టి ఆరబెట్టడం గురించి నేను చెబుతాను. మన దగ్గర వానాకాలంలో గాలే తడిగా ఉన్నప్పుడు దండెం మీద ఎంతసేపు ఉంచినా ప్రయోజనం తక్కువ. అందువల్ల దండెం ఎక్కకముందే వీలైనంత నీరు తీసివేయడం మీద శ్రద్ధ పెట్టాలి. మైక్రోఫైబర్ గ్లౌజును మెషీనులో ఉతకకపోయినా, జాలీ సంచిలో వేసి స్పిన్ మాత్రం తిప్పండి. చేత్తో ఎంత పిండినా లోపలి స్పాంజి పొర నీటిని వదలదు, స్పిన్‌లో వదులుతుంది. మీకు వస్తున్న ముక్కవాసన ఆ స్పాంజి నుంచే తప్ప కుచ్చుల నుంచి కాదని నా నమ్మకం.

తరువాత గ్లౌజును లోపలి వైపు బయటికి తిప్పి, మూతి తెరుచుకుని కిందికి ఉండేటట్లు వేలాడదీయాలి. మూతి పైకి పెట్టి మణికట్టు దగ్గర క్లిప్పు బిగిస్తే నీరంతా వేళ్ల కొసల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది, మూతి మూసుకుపోయి లోపలికి గాలీ ఆడదు. పాత ఇనుప తీగ హ్యాంగరును విరిచి, దాని రెండు కొమ్ములూ గ్లౌజు లోపలికి వెళ్లేలా వంచితే గ్లౌజు గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా నిలుస్తాయి. తీగ తుప్పు మరక అంటకుండా పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నది చూసుకోండి. లోపలి వైపు ఆరిన తరువాత మళ్లీ తిప్పి కుచ్చుల వైపు ఆరనివ్వాలి.

వానాకాలంలో నేను గ్లౌజులను బాల్కనీలో పెట్టను. రాత్రి ఏసీ నడిచే గదిలో, ఫ్యాను గాలి తగిలే చోట వేలాడదీస్తాను. ఏసీ గదిని చల్లబరుస్తూనే గాలిలోని చెమ్మను నీటిగా మార్చి బయటికి పంపుతుంది కాబట్టి మన ఊళ్లో అంతకంటే మంచి ఆరబెట్టే చోటు లేదు. ఉన్ని గ్లౌజుకు కూడా అదే పద్ధతి క్షేమం, వేడి తగలదు. పూర్తిగా ఆరకముందే ప్లాస్టిక్ కవరులో గాని కారు డిక్కీలో గాని పెడితే అప్పటిదాకా పడిన శ్రమ వృథా.

గాజువాక_బాల్కనీ:

అందరికీ కృతజ్ఞతలు. మూతి పైకి పెట్టి క్లిప్పు బిగించడమే ఇంతవరకు నా పద్ధతి. ఇక రెండు సందేహాలు మిగిలాయి. ఇప్పటికే బిరుసెక్కిన కుచ్చులను, గట్టిపడిన తోలును బాగుచేయవచ్చునా? బోరు నీటికి ఏదైనా ఉపాయం ఉన్నదా?

బెంగళూరు_తెలుగు సమాధానం:

నీటి సంగతి నేను చెబుతాను. 2024 మార్చిలో ఇక్కడ నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో వాహనాలు కడగడాన్ని నీటి సరఫరా బోర్డు నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అప్పటి నుంచి ప్రతి బకెట్టు లెక్క చూసుకోవడం అలవాటైంది. ఏసీ గొట్టం నుంచి కారే నీటిని బకెట్టులో పట్టండి. అది గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిన నీరు కాబట్టి దానిలో సున్నం, మెగ్నీషియం లవణాలు దాదాపు ఉండవు. మీ విశాఖ గాలికి రాత్రికి రాత్రే కావలసినంత చేరుతుంది. గుడ్డలో వడకట్టి చివరి జాడింపుకు మాత్రం వాడండి. మొదటి జాడింపులకు బోరు నీరే చాలు. వంటింటి ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే నీటిని మాత్రం దీనికి వాడవద్దు, దానిలో లవణాలు బోరు నీటి కంటే ఎక్కువగా పోగుపడి ఉంటాయి.

బెజవాడ_పాలిష్:

బెంగళూరు గారి ఏసీ నీటి ఉపాయాన్ని నేనూ మా షెడ్డులో అమలు చేస్తాను. కుచ్చులు బిరుసెక్కడానికి ఒక కారణం ఆ లవణాలు ఎండి పోగుల మీద పొరగా మిగలడమే. ఐదు లీటర్ల నీటిలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి గ్లౌజును అరగంట నానబెడితే ఆ పొర చాలావరకు కరుగుతుంది. వంటసోడాను దానితో కలిపి వేయవద్దు, ఒకదాని ప్రభావాన్ని మరొకటి పోగొడుతుంది. వేడి తగిలి కొనలు కరిగి ముద్దకట్టిన కుచ్చులు అయితే ఏ చికిత్సకూ లొంగవు; వేళ్ల మధ్య నలిపి చూస్తే తేడా తెలుస్తుంది.

తోలు ఇంకా వంగుతున్నట్లయితే, పూర్తిగా ఆరకముందు, కొద్దిపాటి తేమ ఉన్నప్పుడే రెండు చేతులతో అన్ని వైపులా సాగదీస్తూ నలపండి. ఆరేలోపు రెండు మూడు సార్లు అలా చేస్తే మెత్తబడుతుంది. వంచినప్పుడు పగులు కనిపిస్తే ఇక దానితో పెయింటు మీద పని చేయవద్దు. అటువంటి గ్లౌజును, అలాగే నేల మీద పడి ఎంత జాడించినా గరగర వదలని గ్లౌజును, చక్రాలకూ కారు అడుగు భాగానికీ మళ్లించి, మణికట్టు దగ్గర ఎర్ర దారంతో పెద్ద కుట్టు వేసి ఉంచండి. ఉతికి ఆరిన తరువాత రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఇంట్లో మరొకరు తెలియక తీసుకునే ప్రమాదం ఉంది.