హైబ్రిడ్ డిజైన్ రివ్యూల్లో రిమోట్ వాళ్ళ మాట గదిలో వాళ్ళకి వినపడాలంటే ఏం చెయ్యాలి?

భీమవరం_బ్యాకెండ్
అందరికీ నమస్తే. మాది పది మంది టీం, ఏడుగురు హైదరాబాద్ ఆఫీసులో, ముగ్గురం ఇళ్ళ నుంచి, నేను భీమవరం. రోజూ జరిగే చిన్న స్టాండప్ మీటింగుతో ఇబ్బంది లేదు, డిజైన్ రివ్యూ అంటేనే తలనొప్పి. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి టేబుల్ చివర పెడతారు, నాకు కనపడేది ఒకాయన వీపు, వైట్‌బోర్డులో ఎడం సగం, దాని మీద ట్యూబ్‌లైట్ మెరుపు. నేను నోరు తెరిచేలోపు టాపిక్ మారిపోతుంది. చివర్లో "రిమోట్ వాళ్ళు ఏమన్నా చెప్తారా" అని రెండు సెకన్లు ఆగి "ఓకే థాంక్యూ" అని లేచిపోతారు, అన్‌మ్యూట్ నొక్కే టైం కూడా ఉండదు.

మొన్న కాఫ్కా (సిస్టమ్‌ల మధ్య మెసేజ్‌లు మోసే సాఫ్ట్‌వేర్) పార్టిషన్ కీ, అంటే ఏ మెసేజ్ ఏ వరసలోకి (పార్టిషన్) వెళ్ళాలో తేల్చే ఐడీ, దాని మీద చర్చ, స్టోర్ ఐడీ పెడదామన్నారు. ఒక పెద్ద స్టోర్ ట్రాఫిక్ అంతా ఒక్క పార్టిషన్ మీదే పడుద్ది, మనకి వరస కావాల్సింది ఒక్కో ఆర్డర్ లోపలే కదా ఆర్డర్ ఐడీ చాలు అని చెప్దామని చెయ్యెత్తే బొమ్మ నొక్కి పదిహేను నిమిషాలు కూర్చున్నా, ఎవరూ చూళ్ళేదు, టీవీ మీద స్లైడ్ తప్ప మా మొహాలే లేవు ఇంక చేతులెక్కడ కనపడతాయి. కాల్ అయ్యాక టీ తాగుతూ ఫైనల్ చేసేశారంట, నాకు పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని రివ్యూకి పెట్టేది) చూశాక తెలిసింది. మీ దగ్గర నిజంగా పనిచేసింది ఏదన్నా ఉంటే చెప్పండి, "కమ్యూనికేషన్ పెంచుకోండి" లాంటివి మాత్రం వద్దు ప్లీజ్.

పాత_సిస్అడ్మిన్
నేను ఐఈటీఎఫ్ మీటింగులు (ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ రాసేవాళ్ళు, ఏడాదికి మూడుసార్లు ఒక్కో ఊళ్ళో కలుస్తారు) ఇంట్లోంచే చూస్తుంటానండి, టికెట్టూ వీసా మన వల్ల అయ్యే పని కాదు. అక్కడ మీటెకో అనే టూల్ ఉంది. దాన్లో నాకు నచ్చింది వీడియో కాదు, క్యూ. హాల్లో మైకు ముందు నిలబడ్డవాళ్ళు కూడా ఫోన్లో అదే క్యూలో చేరాలి, నేను మూడోవాణ్ణయితే మూడోవాణ్ణే, హాల్లో ఉన్నాడని ఎవరూ నా ముందు దూరరు. 2020 మార్చిలో వాంకూవర్ లో జరగాల్సిన 107వ మీటింగ్ కోవిడ్ తో మొత్తం ఆన్‌లైన్ అయిపోయింది, మళ్ళీ హాళ్ళు తెరిచాక కూడా రిమోట్ వాళ్ళని పక్కన పెట్టలేదు. ఒకప్పుడు ఏ ప్రతిపాదనకి మొగ్గుందో తెలుసుకోడానికి హాల్లో అందరూ "మ్మ్" అని మూలిగేవాళ్ళు, నవ్వకండి నిజమే. ఇంట్లో కూర్చుని మూలిగితే ఎవరికి వినపడుద్ది? ఇప్పుడు టూల్లోనే చెయ్యెత్తుతారు.

మీ టీ దగ్గర నిర్ణయానికి కూడా వాళ్ళ దగ్గర మందుంది. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2418 (వాళ్ళ పద్ధతులు రాసిన పత్రం) ప్రకారం మీటింగులో ఒప్పుకున్నది మెయిలింగ్ లిస్టులో మళ్ళీ అందరి ముందూ పెట్టాలి, గదిలో తలూపినంత మాత్రాన అయిపోదు. మీరు డిజైన్ డాక్ ని రివ్యూ అయ్యాక ఒక రోజు కామెంట్లకి తెరిచి ఉంచమనండి చాలు.

ఒకటే కష్టం, 2025 నవంబర్లో మాంట్రియల్ లో పెడితే అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర మనకి రాత్రి ఎనిమిది. అర్ధరాత్రి నేను ప్రశ్న అడిగితే మాంట్రియల్ కీ వినపడింది, పక్క గదిలో మా ఆవిడకీ వినపడింది.

వరంగల్_నెట్‌వర్క్
అన్నా క్యూ గిట్ల తర్వాత, ముందుగాల సప్పుడు సరిచెయ్యమను. మనుషులు మాట్లాడేటప్పుడు మాటకు మాటకు నడుమ సందు సెకండ్ల అయిదో వంతు ఉంటదేమో అంతే. ఆ సందు నీకు వినపడెటాళ్ళకే కొంత ఆలస్యం, నువ్వు నోరు తెరిస్తే అది వాళ్ళకు చేరెటాళ్ళకు ఇంకింత. ఐటీయూ (టెలికాం ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) లెక్కల ఒక దిక్కు 150 మిల్లీసెకండ్ల లోపల ఉండాలె, రానూపోనూ అంతంత పట్టిందనుకో 300 అయిపాయె, ఆ సందుల ఇంకొకరు మొదలువెట్టిన్రు. నువ్వు మొహమాటపడ్డవని కాదు, లెక్కనే అట్లుంది. అందుకే మధ్యల దూరుడు కాదు, పిలిచి అడిగెటోళ్ళు కావాలె.

టేబుల్ నడుమ ఒక స్పీకర్‌ఫోన్ పెట్టమను, మిగతా ల్యాప్‌టాపులు మైకూ స్పీకరూ రెండూ బంద్, లేకుంటే కూత పెడ్తయ్. నీ దిక్కు బ్లూటూత్ హెడ్‌సెట్ తీసెయ్, మైక్ ఆన్ అయితే చానా వాటిల క్వాలిటీ పడిపోతది, వైరుది మంచిగుంటది. నెట్ తక్కువుంటే వీడియో బంద్ పెట్టు, ఓపస్ కోడెక్ (మాటను కుదించి పంపేది) కు 32 కేబీపీఎస్ దొరికినా మాట సాఫ్‌గ పోతది. రౌటర్ కు మినీ యూపీఎస్ మాత్రం కొను, నేను చెప్పిన్నను.

గదిలో_ఉండేవాణ్ణి
అటు పక్క నుంచి నిజం చెప్తా బాసూ, గదిలో కూర్చుంటే స్క్రీన్ లో ఉన్నోళ్ళు గుర్తుండరు, కావాలని కాదు. మేం ఆఫీసులో ఉన్నా ఎవరి సీట్లో వాళ్ళం హెడ్‌సెట్ పెట్టుకుని చేరడం ట్రై చేశాం, రెండు వారాలకే పక్క టీం గోలకి వదిలేశాం. నిలబడింది రెండే. బోర్డు మీద గీయడం మానేసి ఎక్స్‌కాలీడ్రాలో (అందరికీ కనపడే ఆన్‌లైన్ బోర్డు) గీయడం, మీటింగుకొక "వకీలు"ని పెట్టడం. ఆయన పని చాట్ చూస్తా ఉండటం, "ఆగండి, భీమవరం నుంచి అభ్యంతరం" అని అడ్డం పడటం. జూనియర్ ని పెట్టకండి, సీనియర్ మాట్లాడుతుంటే ఆపలేడు పాపం. ఒక రోజు ఆగడం అన్నిటికీ కుదరదు సిస్అడ్మిన్ గారూ, ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) పడిపోయి ఉంటే ఏం ఆగుతాం.

భీమవరం_బ్యాకెండ్
రెండు వారాల అప్‌డేట్. వకీలూ, ఒక రోజు కామెంట్లూ రెండిటికీ మా లీడ్ ఒప్పుకున్నాడు. పార్టిషన్ కీ మళ్ళీ తెరిచారు, తీరా చూస్తే నాదీ పూర్తిగా కరెక్ట్ కాదు. స్టాక్ లెక్కకి స్టోర్ వారీ వరస కావాలంట, ఆ ముక్క టీ దగ్గరే మాట్లాడుకున్నారు, నాకెలా తెలుస్తుంది. ఇప్పుడు స్టాక్ ఈవెంట్లు కాఫ్కాలో వేరే టాపిక్ (వేరే మెసేజ్ లైన్) లో స్టోర్ ఐడీతో, ఆర్డర్లు ఆర్డర్ ఐడీతో పెట్టాం. స్పీకర్‌ఫోన్ ఇంకా అప్రూవల్ లోనే ఉంది, మా లీడ్ ల్యాప్‌టాప్ ని టేబుల్ చివర నుంచి మధ్యకి జరిపాడు, ఇప్పుడు ఇద్దరి వీపులు కనపడుతున్నాయి. వరంగల్ అన్నా, ఆ మినీ యూపీఎస్ ఎంతసేపు వస్తుందో చెప్పు, మాకు కరెంటు పోయేది కరెక్టుగా రివ్యూ టైంకే.