అప్‌డేట్: చర్చిల్ ప్రసంగం మీద వ్యాసం

1940 జూన్ 4న బ్రిటన్ ప్రధాని చర్చిల్ అక్కడి పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో చేసిన ప్రసంగంలో ఉద్దేశం, స్వరం, అలంకారాలు ఎలా విడదీసి రాయాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "చివరి పేరా పక్కన పెట్టి ముందున్నదంతా చదువు" అన్న సలహా బాగా పనికొచ్చింది.

అందరికీ గుర్తుండేది తీరాల్లో పోరాడతాం అన్న ముక్కే. నిజానికి ప్రసంగంలో ఎక్కువ భాగం లెక్క అప్పజెప్పినట్టు సాగుతుంది. జర్మన్ సేనలు చుట్టుముట్టిన ఫ్రాన్స్ తీరపట్టణం డంకర్క్ నుంచి 3,35,000 మంది బ్రిటిష్, ఫ్రెంచ్ సైనికుల్ని బయటపడేశాం, కానీ దాదాపు 1,000 ఫిరంగులు పోయాయి అంటాడు. జనం సంబరపడుతుంటే, తరలింపులతో యుద్ధాలు గెలవలేమని మొహమ్మీదే చెప్పేశాడు. ఆ చేదు ముందు మింగించాడు కాబట్టే చివర్లో ధీమా నమ్మబుద్ధేస్తుంది. నా వ్యాసంలో సగం దీనికే పోయింది.

ఇక "పోరాడతాం" పునరుక్తి. ప్రతిసారీ చోటు మారుతుంది చూడండి: ఫ్రాన్స్, సముద్రాలు, ఆకాశం, తీరాలు, పొలాలు, వీధులు, కొండలు. శత్రువు అడుగడుగునా లోపలికొస్తున్న వరస అది! ధైర్యం చెబుతూనే దాడికి సిద్ధం చేస్తున్నాడు. ఆఖరి వాక్యం మాత్రం అమెరికా చెవిన వేసిందే.

అన్నట్టు, మనం వినే ఆడియో చర్చిల్ 1949లో మళ్లీ చదివి రికార్డు చేసింది. 1940లో ప్రసంగించిన రోజు రాత్రి బీబీసీ రేడియోలో కొన్ని భాగాలు చదివింది అనౌన్సర్. అందుకే స్వరం గురించి గొంతు జోలికి పోకుండా వాక్యాల నడక చూసి రాశాను. సోమవారం మేడమ్‌కి ఇస్తున్నా.