ఈ ఏడాది కప్పు కోసం ఆడాలా, పిల్లల్ని తయారు చేయాలా?
నమస్కారం. హనుమకొండలో మా కాలనీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. చాలామందికి పదహారేళ్లు కూడా లేవు. దసరా తర్వాత ఓపెన్ టోర్నమెంట్ ఉంది. బయటి నుంచి నలుగురు సీనియర్లను తెద్దామని డబ్బులు పెట్టే అన్న పట్టుబడుతున్నారు. గెలుస్తామేమో. కానీ రెండేళ్లుగా చలిలో కూడా పొద్దున ఐదింటికే వస్తున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టడం నాకు మింగుడుపడట్లేదు.

మన హైదరాబాద్ రహీం సాబ్ 1950 నుంచి 1963 దాకా భారత జట్టుకు కోచ్‌గా ఉన్నారు. 1951లో ఒకటి, 1962లో ఒకటి ఆసియా క్రీడల స్వర్ణాలు వచ్చాయి. మనమూ అలా ఏళ్ల తరబడి పిల్లల్ని తయారు చేద్దామంటే, అంత ఓపిక మనకెక్కడిది అంటారు అన్న. ఆయన మాటా కొట్టిపారేయలేను, వరుసగా ఓడిపోయి నిరుడు ముగ్గురు పిల్లలు మానేశారు.

ఇద్దరు సీనియర్లను, అదీ డిఫెన్స్‌కే తీసుకుంటే నడుస్తుందా? ఇలాంటి టీమ్ నడిపినవాళ్లు డబ్బులు పెట్టేవాళ్లను ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.