పొడవు కొమ్ముల పెంకు పురుగులు: ఫొటో చూసి జాతిని తేల్చవచ్చా?

నల్లపెంకు: నల్లని ఒళ్లు, తెల్లని చుక్కలు, ఒంటిని మించిన చారల మీసాలు కనిపిస్తే చాలు, ‘ఆసియా పొడవు కొమ్ముల పురుగు’ అని తీర్పు ఇచ్చేస్తున్నారు. ఈ పొడవు కొమ్ముల (అంటే పొడవు మీసాల) పెంకు పురుగుల కుటుంబంలో ఇప్పటికే 35 వేలకు పైగా జాతులను గుర్తించారు. ఫొటో చూసి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు చెప్పండి, అక్కడితో ఆగండి. జననాంగాల పరీక్షో, డీఎన్‌ఏ పరీక్షో లేనిదే జాతి పేరు చెప్పడం ఊహే అవుతుంది.

చెట్టుబెరడు: నల్లపెంకు గారూ, మీరు చెప్పిన మూడు గుర్తులూ నమ్మదగ్గవి కావు, నిజమే. చుక్కలంటే సన్నని నూగు, పురుగు ముదిరేకొద్దీ రాలిపోతుంది. మీసాల పొడవు మగదానికి ఒకలా, ఆడదానికి ఒకలా ఉంటుంది. కానీ బయటి గుర్తులంటే ఇవే కావు కదా! ఆసియా పొడవు కొమ్ముల పురుగు, అంటే అనోప్లోఫోరా గ్లాబ్రిపెన్నిస్‌ను, దాని దగ్గరి చుట్టం చైనెన్సిస్‌ను పక్కపక్కన పెట్టి, పెంకు రెక్కల మొదట్లో, భుజాల దగ్గర చూడండి. చైనెన్సిస్‌కు అక్కడ చిన్న చిన్న బుడిపెలు గుంపుగా ఉంటాయి. గ్లాబ్రిపెన్నిస్‌కు అదే చోట నున్నగా ఉంటుంది. ఒంటి నిర్మాణంలోని తేడా కాబట్టి, వయసుతో చెరిగిపోదు.

వనచరి: మరో గుర్తు కూడా ఉంది. ఉత్తర అమెరికాలో గ్లాబ్రిపెన్నిస్ అనుకుని చాలామంది చూపించేది అక్కడి మోనోకామస్ స్కుటెలాటస్‌నే. రెండు రెక్కలూ మొదలయ్యే చోట, నడుమ ఉండే చిన్న పలక దానికి తెల్లగా మెరుస్తుంది. గ్లాబ్రిపెన్నిస్‌కు ఆ పలక నల్లగా ఉంటుంది. ఏ చెట్టు మీద దొరికిందో కూడా అడగండి. మోనోకామస్ పైన్ వంటి సూదాకుల చెట్లలో పెరుగుతుంది, గ్లాబ్రిపెన్నిస్ మేపుల్ వంటి వెడల్పాకుల చెట్లను తొలుస్తుంది. ఇది తెలియడం ఎంత అవసరమో 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో గ్లాబ్రిపెన్నిస్ బయటపడ్డాక అర్థమైంది. పురుగు పట్టిన చెట్లను కొట్టేయక తప్పలేదు.

నల్లపెంకు: బుడిపెల మాట ఒప్పుకుంటాను. అయితే అనోప్లోఫోరా ప్రజాతిలో 30కి పైగా జాతులున్నాయి. రెండింటినే పోల్చి తేల్చేస్తే మిగతావాటి సంగతేమిటి? పైగా కెనడాలోని హాలిఫాక్స్‌లో జరిగింది చూడండి. అక్కడ 1990లో పట్టిన పురుగులను ఇదే కుటుంబంలోని మరో ప్రజాతికి చెందిన, స్థానికమైన టెట్రోపియం సిన్నమాప్టెరమ్ అనుకున్నారు. అవి ఐరోపా నుంచి వచ్చిన టెట్రోపియం ఫస్కమ్ అని 1999లో గానీ తెలియలేదు. ఈలోగా అది అక్కడి స్ప్రూస్ చెట్లలో స్థిరపడిపోయింది. నమూనా చేతిలో ఉన్నప్పుడే ఇలా జరిగితే, ఫొటోను ఎలా నమ్మమంటారు?

చెట్టుబెరడు: ఎలాంటి ఫొటో అన్నదే అసలు ప్రశ్న. ఫ్లాష్ వేస్తే నున్నని పెంకు మీద వెలుగు పడి బుడిపెలు కనిపించవు. పగటి వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి, రెక్కల మొదలును దగ్గరగా తీయాలి. ఏ గుర్తును బట్టి పేరు చెబుతున్నారో కూడా పక్కనే రాయాలి. ఆ గుర్తు ఫొటోలో కనబడకపోతే నేనూ ప్రజాతి దగ్గరే ఆగుతాను.

నల్లపెంకు: ఆ షరతు మీద అనోప్లోఫోరాకు సరే. టెట్రోపియం విషయంలో మాత్రం పురుగును సూక్ష్మదర్శిని కింద పెట్టనిదే ఒప్పుకోను.